షెడ్డు మొత్తంలో మంచి చెవులు

మా మావయ్య పుట్టిన మూడో రోజుకి పచ్చబడ్డాడు. ముందు మొహం, తర్వాత పొట్ట, ఆ తర్వాత అరికాళ్ళు. అమ్మమ్మ ఆసుపత్రి వరండాలో నర్సుకు అడ్డం నిలబడి పిల్లాడిని చూపించింది. నర్సు చేతిలో మందుల ట్రే ఉంది. దాన్ని కింద పెట్టకుండానే ఓ చూపు చూసి, "పసిపిల్లలందరికీ కామెర్లు వస్తాయమ్మా. పొద్దుటెండలో పడుకోబెట్టు, అవే పోతాయి. ముందు మంచం ఖాళీ చెయ్యి, బయట నొప్పులతో కూర్చున్నవాళ్ళున్నారు" అంది. ఓ చుక్క రక్తం తీసి చూడాలని ఎవరికీ తోచలేదు. నీలం దీపం కింద పిల్లల్ని పడుకోబెట్టే పెట్టె ఆ వార్డులోనే ఉంది. దాని మీద ఉతికిన దుప్పట్లు మడతలు పెట్టి ఉన్నాయట. అమ్మమ్మ ఇప్పటికీ ఆ దుప్పట్ల అంచు రంగుతో సహా చెబుతుంది.

చెప్పినట్టే ఎండలో పడుకోబెట్టింది. పిల్లాడు పాలు మానేశాడు. ఆ మర్నాడు వెన్ను విల్లులా వంచేసి, పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడవడం మొదలుపెట్టాడు. మళ్ళీ పరుగెత్తుకెళ్తే ఇంకో డాక్టరు అందరి మీదా ఎగిరిపడి, దుప్పట్లు తీయించి, పిల్లాడిని పెట్టెలో పెట్టించాడు. ప్రాణం నిలిచింది. గండం గడిచిందన్నారు. అది గడిచిపోలేదు, లోపల ఇల్లు కట్టుకుంది.

ఈ సంగతి నేను చాలాకాలం తర్వాత పాత పుస్తకాల కొట్టులో దొరికిన ఓ వైద్యం పుస్తకంలో చదివాను. ఒంట్లో ఆ పసుపు మితిమీరితే మెదడుకెక్కి కొన్ని చోట్ల మచ్చ వేసి పోతుందట. ఒంటి కదలికను అదుపులో పెట్టే చోటు ఒకటి. చూపును పైకెత్తే చోటు ఒకటి. చెవిలో పడ్డ మాటను మెదడుకు మోసుకెళ్ళే దారి ఒకటి. తెలివి జోలికి మాత్రం సాధారణంగా వెళ్ళదట. ఎంత దయ! మనిషి గురించి లోకం అనుకునే ప్రతి చెత్తమాటనీ గ్రహించగలిగే తెలివిని అలాగే ఉంచి, తిరిగి జవాబు చెప్పే దారులన్నీ మూసేసి వెళ్తుంది.

మావయ్యకు నడక ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ నడిస్తే ఎడమచెయ్యి దాని మానాన అది తిరుగుతుంది, మెడ ఓ పక్కకు మెలిపడుతుంది. సాయంత్రానికి ఆ మెడనొప్పి భుజం దాకా దిగుతుంది. పాలపళ్ళు ఆకుపచ్చగా వచ్చాయి. కళ్ళు పైకి లేవవు. పైన ఉన్నదేదైనా చూడాలంటే తల మొత్తం వెనక్కి వాల్చాలి. బడిలో మాస్టారు ఆజానుబాహువు. మావయ్య తల వెనక్కి వాల్చి ఆయన మొహం చూస్తే, "ఏంట్రా ఆ పొగరు? తలెగరేస్తావా?" అని వీపు మీద ఒక్కటిచ్చేవాడు. పిల్లలు 'గాలిపటం' అని పేరు పెట్టారు. ఆ పేరు బడి దాటి, వీధి దాటి, మిల్లు దాకా వచ్చింది.

అన్నిటికన్నా తల తినేసింది చెవి. చప్పుడు వినిపిస్తుంది. చీమ చిటుక్కుమన్నా తిరుగుతాడు. మాట మాత్రం అర్థం కాదు. ఎలా ఉంటుందని ఓసారి అడిగాను. "పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందిరా. మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఆడో మగో తెలుస్తుంది. కోపంగా ఉన్నారనీ తెలుస్తుంది. ఏమంటున్నారో తెలీదు" అన్నాడు. ఒక్కో రోజు ఆ గోడ పల్చగా ఉంటుంది, ఓ నాలుగు మాటలు దొరుకుతాయి. జ్వరం వస్తే గోడ పైకప్పు దాకా లేస్తుంది. మొహం ఎదురుగా ఉంటే పెదాలు చూసి చాలామటుకు గ్రహిస్తాడు.

ఇది ఇంట్లోవాళ్ళకు ఎక్కితే కదా! తాతయ్య ఓ పరీక్ష కనిపెట్టాడు. మావయ్య అటు తిరిగి కూర్చున్నప్పుడు వెనక నుంచి ఇత్తడి పళ్ళెం నేలకేసి కొట్టేవాడు. మావయ్య ఉలిక్కిపడేవాడు. "చూశారా! వినపడుతోంది. పని చెబితేనే వినపడదు వెధవకి. కావలసినవి మాత్రం భేషుగ్గా వినపడతాయి" అనేవాడు. ఇంటికి చుట్టాలెవరైనా వస్తే వాళ్ళ ముందు కూడా పళ్ళెం పడాల్సిందే. మా పిన్ని పెళ్ళయ్యేనాటికి ఆ పళ్ళేనికి చొట్టపడని చోటు లేదు. చెవిలో పెట్టుకునే మిషనూ ఓసారి కొన్నారు. వారం తిరక్కుండా మావయ్య తీసి డబ్బాలో పడేశాడు. చప్పుడు పెంచితే ముద్ద పెద్దదవుతుంది తప్ప మాట విడిపోదు. ఇంత చిన్న విషయం చెప్పడానికి ఆయన నోరు సహకరించదు. మాట కూడా ముద్దగానే వస్తుంది. ఓపిగ్గా వింటే అర్థమవుతుంది, కానీ ఓపిక ఎవడికుంది?

బడి మానేసిన కొన్నాళ్ళకు మావయ్య ఊళ్ళోని మిల్లులో, మరమగ్గాల షెడ్డులో చేరాడు. అక్కడ కండెల బండి తోసే పని. నూలు చుట్టిన కండెలను ఒక్కో మగ్గానికీ అందించి, ఖాళీవి పట్టుకుపోవాలి. బండి పట్టుకుంటే మావయ్య నడక కుదురుగా ఉంటుంది, తిరిగే చెయ్యికి పట్టు దొరుకుతుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఆ షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు, చేతులతో మాట్లాడతారు. రెండు వేళ్ళు పైకెత్తితే కండెలు కావాలని. పిడికిలి గడ్డం కింద పెడితే పడుగు నూలు అయిపోయిందని. అరచేయి బోర్లించి నరికినట్టు ఊపితే మగ్గం ఆపమని. ముక్కు పట్టుకుంటే మేస్త్రీ వస్తున్నాడని. ఊళ్ళో అందరికన్నా వెనకబడ్డ మనిషి ఆ షెడ్డులో అడుగుపెట్టగానే అందరితో సమానమయ్యాడు. చేతులతో జోకులు కూడా వేసేవాడు. గాలిపటమని వెక్కిరించడానికి ఎవరైనా చెయ్యి గాల్లో తిప్పితే, "దారం నీ చేతిలో లేదు, చూసుకో" అని సైగ చేసేవాడు.

ఆ గోలకి తల పగిలిపోతుందని చెవుల్లో దూది కుక్కుకునేవాడు. నేత పనివాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

"వినపడనివాడికి దూదెందుకయ్యా? బట్టతలకి దువ్వెనలా?" అనేవాడు మేస్త్రీ.

ఆ దూదే కొంప ముంచింది.

నేను అదే మిల్లులో తానులు మడతపెట్టే గదిలో చేరిన మరుసటి ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే షెడ్డులో లౌడుస్పీకరు పెట్టించాడు. ఆఫీసులో కూర్చుని మైకులో చెబితే ఏ వరస ఆపాలో, ఏ మగ్గానికి రంగు మార్చాలో షెడ్డులో తెలిసిపోవాలని ఆయన ఆలోచన. మగ్గాల చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. అందుకని షెడ్డు మూలన గాజు తలుపుల గది కట్టించి స్పీకరు అందులోకి మార్పించాడు. అందులో ఒక మనిషి నిలబడి, విన్నది బయటి వాళ్ళకు చేతులతో చెప్పాలి. దానికి చేతిభాష తెలిసినవాడు కావాలి, చెవులు బాగున్నవాడు కావాలి. పట్నం నుంచి ఒక అమ్మాయిని పిలిపించి అందరికీ చెవి పరీక్ష చేయించాడు.

ఏళ్ళ తరబడి మగ్గాల మధ్య బతికినవాళ్ళ చెవులు ఏముంటాయి? మేస్త్రీతో సహా అందరివీ పోయాయి. ఇన్నేళ్ళూ దూది కాపాడిన చెవులతో మావయ్య వంతు వచ్చింది. చెవులకు తొడుగులు పెట్టి, కీచుమన్నప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎంత సన్నగా కీచుమన్నా నొక్కాడు. మాట కాదుగా, ఒట్టి చప్పుడేగా! ఆ అమ్మాయి కాగితం మీద గీతలు చూసి, "ఈయనవి బంగారంలాంటి చెవులు సార్. మీ షెడ్డు మొత్తంలో మంచి చెవులున్నది ఈయనొక్కడికే" అంది.

నేను మేనేజరు గదికి పరుగెత్తాను.

"సార్, ఆయనకు చప్పుడు వినపడుతుంది, మాట అర్థం కాదు. గాజుగదిలో పెట్టకండి."

"అదేంటయ్యా? చెవిలోకి వెళ్ళేది చప్పుడే కదా? మాట వేరే దారిలో వెళ్తుందా?"

"అలాంటిదే సార్. పుట్టినప్పుడు కామెర్లొచ్చి..."

"కామెర్లు లివరుకొస్తాయి. చెవికి రావు. మీ మావయ్యకి బరువులేని పని ఇస్తుంటే నువ్వెందుకు అడ్డుపడుతున్నావ్?"

మావయ్యే చెప్పాలి. ఆయన నోటితో కాకపోతే రాసైనా చెప్పాలి. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాటే అందామనుకున్నాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మమ్మ మొహం వెలిగిపోతోంది. వార్త నాకన్నా ముందే చేరింది. పక్కింటావిడను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెబుతోంది. "మిషను పెట్టి చూశారమ్మా. బంగారంలాంటి చెవులన్నారు. నా బిడ్డకి ఏమీ కాలేదు. నేనే ఏదో పాపం చేశానని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. ఆ ఎండలో..." అని ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. వీధిలో ఎవరు పోతున్నా పిలిచి చెప్పింది. పాలవాడికి చెప్పింది. కుట్టుమిషనాయనకి చెప్పింది. ఆవిడ అంత నిటారుగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

మావయ్య మూలన కూర్చుని ఆవిడ పెదాలే చూస్తున్నాడు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మావయ్యా, రేపు మేనేజరుకి చెప్పు."

తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు చెప్పవు? నీ పీకల మీదకి వస్తుంది."

అమ్మమ్మ వైపు గడ్డంతో చూపించి, "కొన్నాళ్ళు ఉండనీరా" అన్నాడు.

ఇలాంటి మనుషులతో వేగడం నావల్ల కాదు. తనకు జరిగిన అన్యాయాన్ని నోరు తెరిచి చెప్పుకునే అవకాశం జన్మకొకసారి వస్తే, అమ్మ సంతోషం చెడుతుందని నోరు కట్టేసుకునే మనిషిని ఏమనాలి? మంచివాడంటారు. నేను అనను.

గాజుగదిలో నిలబడ్డాడు. స్పీకరు గరగరమంటుంది. ఏదో చెప్పారని తెలుస్తుంది, ఏం చెప్పారో తెలీదు. స్పీకరుకి పెదాలుండవు కదా. ఒకసారి ఊహించి నాలుగో వరసకు ఎర్రనూలు పెట్టమని సైగ చేశాడట. అది తప్పని తెలిశాక ఊహించడం మానేశాడు. షెడ్డులో ఏదో మగ్గం కింద దూరి మరమ్మతు చేసే మనిషి ఉండొచ్చు. ఆపమన్న మాటను నడపమనుకుంటే వాడి చెయ్యి పోతుంది. అందుకని మావయ్య ఒకటే పద్ధతి పెట్టుకున్నాడు. స్పీకరు మోగితే చాలు, గాజుగదిలోంచి అరచేయి బోర్లించి నరికినట్టు ఊపేవాడు. అన్ని మగ్గాలూ ఆగేవి. షెడ్డంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మేస్త్రీ పరుగెత్తుకుంటూ ఆఫీసుకెళ్ళి ఏం చెప్పారో కనుక్కుని వచ్చేవాడు. అప్పుడు మళ్ళీ నడిచేవి. మేనేజరు భోజనానికెళ్తున్నానని చెప్పినా షెడ్డు ఆగేది. మైకు పనిచేస్తోందా అని ఉఫ్ మని ఊదినా షెడ్డు ఆగేది.

నేతగాళ్ళు మొదట్లో నవ్వారు. తానుకింత అని కూలి కట్టే పని కాబట్టి ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

"ఏం గాలిపటం, గాల్లో కూర్చోబెడితే కింద ఉన్నవాళ్ళు కనపడట్లేదా?" అని ఒకడు మొహం మీదే అన్నాడు. ఆ మాటకి మావయ్య మొహం కడిగిన పలకలా అయిపోయింది. పెదాలు చూసి గ్రహించే మనిషికి ఎదుటపడి తిట్టడమొక్కటే లోకం చేసిన ఉపకారం.

నెల తిరక్కుండానే మేనేజరు పిలిచాడు. నేనూ వెంట వెళ్ళాను.

"చెవులు బాగున్నాయని మిషను చెప్పింది. చేతిభాష వచ్చు. అయినా రోజూ షెడ్డు ఆపుతున్నాడు. అంటే కావాలనే ఆపుతున్నాడు. పనికి అడ్డుపడేవాణ్ణి నేను ఉంచను. ఈ వారంతో సరి."

మావయ్యకు సగం అర్థమైంది. మిగతా సగం నేను సైగ చేసి చెప్పాను. కండెల బండి లేకపోతే ఆ మనిషికి ఏముంది? వీధిలోకి వస్తే చేతులతో మాట్లాడేవాడు ఒక్కడు లేడు. అప్పటికి ఆయనకు నలభై దాటింది. ఇంకెవరు పనిస్తారు? ఎడమచెయ్యి గింగిరాలు తిరుగుతోంది, మెడ పూర్తిగా పక్కకు మెలిపడింది. ఉద్రేకం వస్తే ఒళ్ళంతా అలాగే అవుతుంది. మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకుని, "తాగొచ్చాడా?" అన్నాడు.

ఆ మాటకు నేనేం చేసేవాణ్ణో చెప్పలేను. మావయ్యే నా చొక్కా పట్టుకుని బయటికి లాగాడు.

నేను చదివిన పుస్తకంలో ఇంకో పరీక్ష గురించి ఉంది. తలకు తీగలు అంటించి, చెవి దాకా వచ్చిన చప్పుడు మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష. పెద్దాసుపత్రిలో ఉందని కనుక్కున్నాను. వెళ్దామంటే అమ్మమ్మ ఒప్పుకోదు.

"మిషను చెప్పాక మళ్ళీ పరీక్షేంటి? బాగున్నవాడికి జబ్బు అంటగడతావా? నీ నోట్లో మంచిమాట రాదా?"

"పని పోతోంది అమ్మమ్మా!"

"పని పోతే ఇంకోటి వస్తుంది. నా కొడుక్కి ఏమీ లేదు."

చివరికి ఆవిడా వెంట వచ్చింది. నేను డాక్టరు చేత అబద్ధం చెప్పిస్తానేమోనని కాపలాకి.

పరీక్ష గదిలో మావయ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ తెర మీద చూపించింది. చెవి చక్కగా పనిచేస్తోంది. దాని అవతల గీత బల్లపరుపుగా ఉంది. "ఈయన నటించడం లేదు. చెవి మంచిదే. అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే దారి దెబ్బతింది. దీన్ని ఇప్పుడు బాగుచేయలేం. మెడనొప్పికి మందులున్నాయి, రాసిస్తాను" అంది. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "పుట్టినప్పుడు పచ్చబడ్డాడా అమ్మా?"

అమ్మమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగు బిగించింది.

"పచ్చబడ్డాడు. ఎండలో పెట్టమన్నారు. పెట్టాను. చెప్పింది చేశాను. ఆ పెట్టె మీద దుప్పట్లున్నాయి. ఇవి తీసి నా బిడ్డని పెట్టండని అడగాలని నాకెలా తెలుస్తుంది? నన్ను అడుగుతావేం? వాళ్ళని అడుగు!"

"మీ తప్పని అనలేదమ్మా" అంది డాక్టరమ్మ.

అమ్మమ్మ అప్పటికే కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఇన్నేళ్ళూ మాట అర్థం కావట్లేదని చెప్పొచ్చుగా!"

మావయ్య ఆవిడ పెదాలు చూసి, తాపీగా అన్నాడు. "చెప్పానమ్మా. నువ్వు వినలేదు."

ఆవిడ కొడుకు చొక్కా కాలరు సరిచేసింది. తలకి తీగలంటించిన జిగురును కొంగుతో తుడుస్తూ దారిపొడుగునా వచ్చింది. అది పోయాక కూడా తుడిచింది. బస్సులో ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఇంటికొచ్చాక పక్కింటావిడ, "ఏంటమ్మా, బంగారంలాంటి చెవులన్నావు?" అంటే, "బంగారమే. దారే పాడుచేశారు" అని తలుపేసుకుంది. అప్పట్నుంచి మాట్లాడే ముందు కొడుకు భుజం తట్టి, మొహం ఎదురుగా పెట్టి మాట్లాడుతుంది. నలభై ఏళ్ళ కిందట చేయాల్సిన పని!

డాక్టరమ్మ రాసిచ్చింది తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"అంటే చెవుడేగా? చెవిటివాడు గాజుగదిలో ఎందుకు నిలబడ్డాడు?"

"మీరు నిలబెట్టారు సార్."

"చెవులు బాగున్నాయని నిలబెట్టాను."

"బాగానే ఉన్నాయి సార్."

"నాతో ఆటలాడుతున్నావా?"

ఆ సంభాషణ ఇంకా నడిచింది, ఎక్కడికీ చేరలేదు. మావయ్యను కాపాడింది ఆ కాగితం కాదు. ఆయన బండి అప్పగించిన కొత్త మనిషికి చేతిభాష రాదు. రెండు వేళ్ళు చూపిస్తే ఇద్దరు రమ్మన్నారనుకుని పక్కవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవాడు. కండెలందక మగ్గాలు ఖాళీగా నిలబడ్డాయి. మేస్త్రీ ఆఫీసుకెళ్ళి, "గాలిపటాన్ని గాజుగదిలోంచి దింపండి, బండి ఇవ్వండి. చెవులెవడికి కావాలి సార్ ఇక్కడ?" అన్నాడు. మేనేజరు సరేనన్నాడు. స్పీకరు పీకేశారు. మావయ్య బండి దగ్గరికి వచ్చిన రోజు నేతగాళ్ళంతా చేతులు గాల్లో తిప్పి అల్లరి చేశారు. ఆయన అందరికీ కలిపి ఒకటే సైగ చేశాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

కానీ ఆఫీసు దస్త్రంలో ఆయన పేరు పక్కన 'కావాలని పని ఆపినవాడు' అన్న మాట అలాగే ఉంది. తీసేయమంటే మేనేజరు తీయడు. దాంతో ఆయనకు పెరగాల్సిన జీతం పెరగదు. మావయ్య అడగడు. ఆసుపత్రినీ ఎవరూ అడగలేదు. ఆ నర్సు ఎక్కడో హాయిగా పింఛను తీసుకుంటూ ఉండి ఉంటుంది.

నాకు ఆ మిల్లులో ఉండబుద్ధి కాలేదు. వేరే ఊళ్ళో పని చూసుకున్నాను. వెళ్ళేముందు గేటు దగ్గర మావయ్యను కలిశాను. షిఫ్టు మారే వేళ. చెవుల్లోంచి దూది తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. ఆయనను చూడగానే నా మనసులో ఉన్న కోపమంతా బయటికొచ్చింది. ఆ మాట దస్త్రంలోంచి కొట్టేయించేదాకా ఊరుకోవద్దన్నాను. మేనేజరుని తిట్టాను. మేస్త్రీని, నేతగాళ్ళని, నర్సుని, చచ్చిపోయిన తాతయ్యని తిట్టాను. దున్నపోతు మీద వాన పడ్డట్టు ఊరుకుంటావెందుకని ఆయన్నీ తిట్టాను. ఆయన నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాక అన్నాడు.

"కోపమొస్తే నీ పెదాలు బిగుసుకుపోతాయిరా. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదట్నుంచీ మెల్లగా తిట్టు."